పల్లాకు పట్టిన బెండతోట, బీటీ అని అమ్మిన పొట్లం

గౌతమి పాయకు ఆవలి ఒడ్డున మా పుట్టింటివారికి మిగిలిన అరెకరం లంక భూమిలో నా మేనల్లుడు ఈ ఏడాది జనవరి నెలాఖరున బెండ విత్తాడు. మార్చి మొదటి వారంలో నేను పంటు దిగి, ఇసుకలో నడిచి ఆ తోట దగ్గరికి చేరేసరికి అతను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో బెండాకు ఒకటి ఉంది. ఆకు పచ్చగానే ఉన్నా దాని ఈనెలన్నీ పసుపు దారంతో అల్లిన వలలా కనిపిస్తున్నాయి. తోటలోకి దిగి చూస్తే పది సాళ్ళలో ఏడు సాళ్ళు అదే తీరున ఉన్నాయి. కొన్ని మొక్కల్లో ఆకు మొత్తం పసుపు తిరిగింది. కాయలు పొట్టిగా, పాలిపోయి, గోరుతో గిల్లితే తెగనంత పీచుగా ఉన్నాయి. ఇది పల్లాకు తెగులు. ముప్పై రెండేళ్ళు వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి దీనిని గుర్తించడానికి నాకు క్షణం పట్టలేదు. అతనికి కూడా పట్టలేదు. అతను అడిగిన ప్రశ్న వేరు.

"అత్తయ్యా, ఇది బీటీ బెండ అని చెప్పి ఇచ్చాడండీ కొట్టాయన. మామూలు విత్తనం మీద రెండింతలు పోసి కొన్నాను. బీటీకి కూడా తెగులు వస్తుందాండీ?"

పొట్లం పారేయలేదు కదా అని అడిగాను. మోటారు పెట్టెలో దాచినది తెచ్చి చూపించాడు. దాని మీద సంకర రకం అని ఉంది, పల్లాకు తెగులును తట్టుకునే గుణం గలదని ఉంది, మొలక శాతం ఉంది, గడువు తేదీ ఉంది. బీటీ అనే మాట మాత్రం ఎక్కడా లేదు. ఉండడానికి వీలు కూడా లేదు. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన, అంటే మరో జీవి జన్యువును ప్రయోగశాలలో చొప్పించిన, పంటల్లో రైతు చట్టబద్ధంగా సాగు చేసుకోగలిగినది 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. 2022 అక్టోబరులో ఆవాల సంకర రకం ఒకదానికి పర్యావరణ అనుమతి లభించినా అది సుప్రీంకోర్టుకు చేరింది. 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తులూ చెరొక తీర్పు చెప్పారు. కూరగాయల్లో అనుమతి పొంది అంగడికి వచ్చిన జన్యుమార్పిడి విత్తనం మనకు ఒక్కటీ లేదు. దొంగచాటుగా వచ్చిన సందర్భాలు లేకపోలేదు. 2019లో హర్యానాలో ఒక పొలంలో అనుమతి లేని బీటీ వంగ బయటపడింది. కాని మా వాడు కొన్నది అటువంటి దొంగ విత్తనం కూడా కాదు. అది మామూలు సంకర విత్తనమే. పత్తి రైతుల నోట బాగా నలిగిన ఒక మాటను దానికి తగిలించి ధర పెంచారు, అంతే.

ఆ సాయంత్రం అతనికి గట్టు మీద కూర్చుని చెప్పినదానిని, చెప్పడానికి వీలుకానిదానిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. మా ప్రాంతంలో "జీయం" (జన్యుమార్పిడి), "బీటీ", "హైబ్రిడ్" (సంకరం) అనే మూడు మాటలనూ ఒకే అర్థంలో వాడుతున్నారు. కొందరు ఆ మాట వినగానే విషం అంటారు, కొందరు వరం అంటారు. ఏ మొక్కలో ఏ జబ్బుకు ఏ విధంగా నిరోధం పెట్టారని అడిగేవారు నాకు అరుదుగా కనిపించారు. నా దృష్టిలో అడగవలసినది అదొక్కటే.

ముందుగా పురుగు వేరు, తెగులు వేరు. ఈ తేడా మన భాషకు ఎప్పటినుంచో తెలుసు; చీడపీడలు అని రెంటినీ జంటగా అన్నా, రైతు పురుగుకు ఒక మందు, తెగులుకు ఒక మందు అడుగుతాడు. బీటీ అన్నది పురుగుకు సంబంధించిన సంగతి. నేలలో ఉండే ఒక బాక్టీరియా తయారుచేసే ప్రోటీను కొన్ని జాతుల గొంగళిపురుగుల కడుపులోని పొరను ఛేదించి చంపుతుంది. ఆ ప్రోటీనుకు సంబంధించిన జన్యువును వంగలో పెడితే కొమ్మను, కాయను తొలిచే పురుగు తగ్గుతుంది. అదే వంగకు వెర్రి తెగులు వచ్చి ఆకులు చిన్నవై మొక్క చీపురుకట్టలా మారుతుంటే, లేదా బాక్టీరియా ఎండు తెగులు వచ్చి నిన్న నిగనిగలాడిన మొక్క నేడు తల వాల్చేస్తే, బీటీ జన్యువు చేయగలిగినది ఏమీ లేదు. బెండకు పల్లాకు తెచ్చేది తెల్లదోమ మోసుకువచ్చే వైరస్; దానికి కూడా అంతే. కనుక మా వాడి ప్రశ్నకు సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే, నిజంగా బీటీ బెండ అయినా పల్లాకు వచ్చి ఉండేది.

అయితే తెగుళ్ళను తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన కూరగాయలు లోకంలో లేవా అంటే ఉన్నాయి, వాటి కథ పొగాకుతో మొదలవుతుంది. లంక పొగాకు పేరు మోసిన మా గోదావరి జిల్లాల వారికి, 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసిన రాజమండ్రి చుట్టుపక్కల పెరిగినవారికి, ఇది కొంత ముచ్చటగా ఉండే విషయం. పొగాకు ఆకుల మీద లేత, ముదురు మచ్చలు కలగలిసి వచ్చే తెగులుకు 1886లో అడాల్ఫ్ మేయర్ మొజాయిక్ అని పేరు పెట్టి, జబ్బు మొక్క రసాన్ని ఆరోగ్యంగా ఉన్న మొక్కలోకి ఎక్కిస్తే జబ్బు అంటుకుంటుందని చూపించాడు. 1892లో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియాలను ఆపేసే వడపోతలో వడగట్టినా జబ్బు అంటుతోందని గమనించాడు. 1898లో బైజెరింక్ అది బాక్టీరియా కాదని, మరో రకమైన అంటుపదార్థమని తేల్చాడు. వైరస్ అనే భావన లోకానికి మొదట దొరికింది మనిషి జబ్బులో కాదు, పొగాకు ఆకులో.

1929లో మెకిన్నీ అనే శాస్త్రవేత్త అదే పొగాకులో మరొక విచిత్రం చూశాడు. మొజాయిక్ వైరస్‌లోనే మెత్తని రకం ముందుగా సోకిన మొక్కకు, ఆ తరువాత తీవ్రమైన రకాన్ని ఎక్కించినా అది పట్టలేదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్న మన సామెతకు ఇంతకంటే సూటి నిదర్శనం దొరకదు. కొన్ని దేశాల్లో నిమ్మజాతి తోటలకు ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి వాడారు. కాని ఇందులో ఒక చిక్కు ఉంది: మెత్తని వైరస్ కూడా వైరసే కనుక, అది కొంత దిగుబడిని తినేస్తుంది, ఎప్పుడైనా ముదిరి ముప్పు తేవచ్చు. వైరస్ మొత్తాన్ని కాకుండా దానిలో ఒక చిన్న ముక్కను మాత్రమే మొక్కకు ఇస్తే ఏమవుతుంది? 1986లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోజర్ బీచీ బృందం, మోన్‌శాంటో కంపెనీ శాస్త్రవేత్తలతో కలిసి ఆ పని చేసింది. మొజాయిక్ వైరస్ చుట్టూ ఉండే ప్రోటీను తొడుగుకు సంబంధించిన జన్యువును పొగాకు మొక్కలో పెట్టగా, ఆ మొక్కల్లో కొన్నింటికి జబ్బు ఆలస్యంగా వచ్చింది, కొన్నింటికి రానేలేదు. అదే సంవత్సరం ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరద మా లంకను నిలువునా ముంచింది. నాకు ఆ ఏడాది చెప్పగానే వరదే గుర్తుకువస్తుంది. పొగాకు ప్రయోగం గురించి నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

ఆ పొగాకు నుంచి మన వంటింటి దగ్గరకు వచ్చేవాటిలో మొదటిది గుమ్మడి కుటుంబానికి చెందిన స్క్వాష్. రెండు మొజాయిక్ వైరస్‌ల తొడుగు జన్యువులను పెట్టిన స్క్వాష్‌కు అమెరికా వ్యవసాయశాఖ 1994 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. దానికంటే పేరు పొందినది హవాయి బొప్పాయి. మనకు పచ్చి బొప్పాయి కూరకాయే కనుక దానిని ఈ లెక్కలో చేర్చడానికి నాకు సంకోచం లేదు. డెనిస్ గోన్‌సాల్వెస్ అనే శాస్త్రవేత్త హవాయిలోనే పుట్టి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. అప్పటికి ఒక దీవిలో బొప్పాయి తోటలను తుడిచిపెట్టిన రింగ్‌స్పాట్ వైరస్ ఏదో ఒకనాడు హవాయిలోనే మరో దీవిలో ఉన్న పూనా ప్రాంతానికి కూడా వస్తుందని ఊహించి, అది రాకముందే 1980ల మధ్యలో ఆయన బృందం పని మొదలుపెట్టింది. 1992లో వైరస్ పూనాలో అడుగుపెట్టింది. 1998 నాటికి అక్కడి దిగుబడి సగానికి పడిపోయింది. ఆ ఏడాదే వైరస్ తొడుగు జన్యువు గల రెయిన్‌బో, సనప్ రకాల విత్తనాన్ని రైతులకు మొదటి విడతలో ఉచితంగా పంచారు. పరిశోధన ముందే మొదలై ఉండకపోతే విత్తనం అందే నాటికి కాపాడడానికి తోటలే మిగిలేవి కావని నేను అనుకుంటాను.

ఇందులో శాస్త్రవేత్తలు కూడా ముందు పొరబడిన అంశం ఒకటి ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను తొడుగే మొక్కను కాపాడుతుందని మొదట భావించారు. పొగాకు మొజాయిక్ విషయంలో అది చాలావరకు నిజమే. కాని బొప్పాయిలోను, మరెన్నో మొక్కల్లోను ప్రోటీను దాదాపు లేకపోయినా నిరోధం వస్తూనే ఉంది. తరువాత తేలినది ఏమంటే, వైరస్‌లో జన్యు సమాచారాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థాన్ని పోలిన ముక్కలు తన కణాల్లో కనిపించినప్పుడు మొక్క వాటిని నమూనాగా పెట్టుకుని, ఆ వరుసకు సరిపోయే ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ కనిపించినా తుంచేస్తుంది. అంటే మొక్కకు మనం కొత్త ఆయుధం ఇవ్వడం లేదు. ఉన్న కావలివాడికి దొంగ ముఖాన్ని ముందుగా చూపిస్తున్నాం. ఆర్‌ఎన్‌ఏ ద్వారా జన్యువుల నోరు మూయించే ఈ ప్రక్రియను 1998లో ఒక సన్నపురుగులో వివరించిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది. కావలివాడి గుర్తింపు ఎంత కచ్చితమైనదో అంత ఇరుకైనది కూడా. హవాయి వైరస్‌ను ఆపిన రెయిన్‌బో బొప్పాయి తైవాన్, థాయిలాండ్‌లలోని రింగ్‌స్పాట్ వైరస్‌ల ముందు నిలవలేదు, ఎందుకంటే వాటి వరుస కొంత వేరు. ఒక దేశంలో పనిచేసిన విత్తనాన్ని తెచ్చి మరో దేశంలో చల్లితే సరిపోతుందని అనుకునేవారు ఈ సంగతిని ముందుగా చదవాలి.

మా బెండకు దగ్గరి చుట్టం వంటి ఉదాహరణ బ్రెజిల్‌లో ఉంది. అక్కడ చిక్కుడు జాతి గింజలకు బంగారు మొజాయిక్ అనే తెగులు వస్తుంది. మన బెండ పల్లాకు వైరస్‌ది, దానిది ఒకే కుటుంబం. రెండింటినీ మోసేది తెల్లదోమే. ఎంబ్రాపా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ వైరస్ నకళ్ళు తీసుకోవడానికి వాడుకునే జన్యువు ముక్కను మొక్కలో పెట్టి, ఇప్పుడు చెప్పిన పద్ధతిలోనే దానిని అణచివేసింది. 2011 సెప్టెంబరులో అనుమతి లభించింది. ఏ కంపెనీ చేతిలోనూ లేకుండా ప్రజల డబ్బుతో తయారైనది కనుక ఇది నాకు గౌరవం కలిగించే పని. అయితే పొలంలో పెట్టినప్పుడు, బంగారు మొజాయిక్ లేకుండా పచ్చగా ఉన్న మొక్కల్లో అదే తెల్లదోమ మోసుకువచ్చిన మరో వైరస్ లక్షణాలు బయటపడ్డాయి. పెద్ద జబ్బు చాటున ఇన్నాళ్ళూ అది కనిపించలేదు. స్క్వాష్‌లోనూ ఇటువంటిదే జరిగింది: అమెరికాలో అడవి గుమ్మడితో కలిపి పెంచి చూసిన ఒక ప్రయోగ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వైరస్ లేక ఆరోగ్యంగా ఉన్న జన్యుమార్పిడి మొక్కలను పెంకుపురుగులు వెతుక్కుంటూ వచ్చి తిన్నాయి. ఆ పురుగులు మోసే బాక్టీరియా ఎండు తెగులు ఆ మొక్కలకే ఎక్కువగా వచ్చింది. పచ్చగా ఉన్న తోటకే పశువులు ఎగబడతాయన్నది లంక రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక తినడం గురించి. మా వీధిలో ఈ మాట ఎత్తగానే మొదట వచ్చే భయం ఇదే, దీని మీద నా అభిప్రాయం దాచను. వైరస్ తొడుగు జన్యువు గల కూరగాయను నేను నిస్సంకోచంగా తింటాను. ఎందుకంటే మనం ఇప్పటికే అంతకంటే ఎన్నో రెట్లు వైరస్‌ను తింటున్నాం. పల్లాకు పట్టిన బెండకాయను, మొజాయిక్ పట్టిన దోసకాయను, మచ్చల బొప్పాయిని తక్కువ ధరకు కొని తరతరాలుగా వండుకుంటున్నాం. వాటిలో వైరస్ తన తొడుగుతో సహా నిండి ఉంటుంది. మొక్కల వైరస్‌లు మనకు జబ్బు చేయవు. తెల్లదోమను చంపాలని వారానికొకసారి కొట్టే మందు గురించి మాత్రం నాకు భయం ఉంది, ఎందుకంటే బెండకాయను రోజు విడిచి రోజు కోస్తారు. చాలా మందులకు అంత కొద్ది గడువు సరిపోదు. తినడానికి భయపడవలసిన వస్తువు ఏదో, మనం భయపడుతున్నది దేనికో ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నా మనవి.

నా సందేహాలు వేరే చోట ఉన్నాయి. నిరోధం ఎంతకాలం నిలుస్తుంది? బెండ చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. 1960 ప్రాంతంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా సావని రకం మొదట పల్లాకును బాగా తట్టుకుంది. దేశమంతా అదే వేశారు. కొన్నాళ్ళకు దానికీ పల్లాకు పట్టింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో తెగులును తేలికగా తెచ్చుకునే రకానికి ఉదాహరణగా దానిని వాడుతున్నారు. తరువాత అడవి బెండ జాతులతో సంకరం చేసి పర్భని క్రాంతి, అర్క అనామిక, అర్క అభయ్ వంటి రకాలు తెచ్చారు. వాటి బలం కూడా చాలాచోట్ల సడలింది. ఇవేవీ జన్యుమార్పిడి రకాలు కావు. అంటే నిరోధం కరిగిపోవడం జన్యుమార్పిడికి మాత్రమే అంటిన దోషం కాదు, జన్యుమార్పిడి దానికి అతీతమూ కాదు. వైరస్ తన నకళ్ళు తీసుకుంటున్నంతకాలం తప్పులు చేస్తుంది, ఆ తప్పుల్లో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు గేటు తెరుస్తుంది. ఒకే రకాన్ని వేల ఎకరాల్లో వేస్తే ఆ రోజు త్వరగా వస్తుంది.

రెండవ సందేహం వంగ విషయంలో మన దేశంలో జరిగిన రగడలో స్పష్టంగా కనిపించింది. బీటీ వంగకు జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ 2009 అక్టోబరు 14న పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో కలిపి ఏడు నగరాల్లో బహిరంగంగా అభిప్రాయాలు విని, 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేశారు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ సుప్రీంకోర్టు తరఫున ఆ కమిటీ సమావేశాలకు హాజరవుతూ, పరీక్షలు చాలలేదని గట్టిగా వాదించినవారిలో ఉన్నారు. వంగకు ఈ ఉపఖండంలో లెక్కలేనన్ని దేశవాళీ రకాలు, అడవి చుట్టాలు ఉన్నాయి కనుక జన్యువు పుప్పొడి ద్వారా వాటిలోకి చేరుతుందన్న ఆందోళన తీసిపారేయదగినది కాదని నేనూ అనుకుంటాను. కాని పదిహేనేళ్ళు దాటినా ఆ ఆపుదల అలాగే ఉండిపోవడం, ఇంకా చేయవలసిన పరీక్షలు ఏవో, అవి ఎవరు చేస్తారో తేల్చకుండా కాలం గడిపేయడం నాకు మింగుడుపడని సంగతి. బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అదే వంగకు అనుమతి ఇచ్చి, 2014 జనవరిలో ఇరవైమంది రైతులకు నారు పంచింది. అక్కడివి ప్రభుత్వ సంస్థ తయారుచేసిన, సంకరం కాని సూటి రకాలు, కాబట్టి రైతు విత్తనం కట్టుకోవచ్చు. మా వాడు కొన్న సంకర బెండలో ఆ వీలు లేదు. విత్తనం మీద హక్కు పోతుందని జన్యుమార్పిడిని తిట్టేవారు, ఆ హక్కు సంకర విత్తనంతోనే మన చేతులు దాటిందని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

జన్యుమార్పిడి లేకుండానే శాస్త్రం ఎంత దూరం వెళ్ళగలదో మన సాంబ మసూరి చూపించింది. వరికి వచ్చే బాక్టీరియా ఎండాకు తెగులును ఆపే మూడు జన్యువులను, వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చినది, ఒక్కొక్క తరంలో డీఎన్‌ఏ గుర్తులతో వెతికి పట్టుకుంటూ సంకరం ద్వారానే సాంబ మసూరిలోకి చేర్చారు. సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తెచ్చిన ఆ రకం 2008లో వచ్చింది. ఇక జన్యు సవరణ అన్నది మరో దారి. వైరస్ మొక్కలోకి వచ్చాక బతకడానికి మొక్కకు చెందిన ఒక ప్రోటీనును వాడుకుంటుంది. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు కీరా దోసలో ఆ ప్రోటీను జన్యువును కత్తిరించగా మూడు వైరస్‌లకు నిరోధం వచ్చింది. బయటినుంచి ఏ జన్యువూ మిగలలేదు. ఇటువంటి సవరణలను మన ప్రభుత్వం 2022 మార్చిలో పాత కఠిన నిబంధనల నుంచి మినహాయించింది, 2025 మేలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. కూరగాయలకు కూడా ఆ దారిలోనే ముందుగా ఏదో ఒకటి వస్తుందని నా అంచనా.

మా వాడు ఇదంతా ఓపికగా విని, "ఇప్పుడు నన్నేం చేయమంటారండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. పల్లాకు పట్టిన మొక్కకు మందు లేదు. తెగులు పట్టిన సాళ్ళను పీకి కాల్చేయమన్నాను. మిగిలిన మూడు సాళ్ళ చుట్టూ పసుపు జిగురు అట్టలు పెట్టమని, వేపనూనె కొట్టమని, వచ్చే పంటకు తోట చుట్టూ ముందుగానే రెండు మూడు వరుసల జొన్న వేసి తెల్లదోమకు అడ్డుకట్ట కట్టమని చెప్పాను. బెండ వేసిన మడిలో వెంటనే మళ్ళీ బెండ వద్దన్నాను. పీకడానికి అతనికి మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. కాయలున్న మొక్కను పీకడం ఎవరికైనా కష్టమే. చీకటి పడేలోపు నాలుగు సాళ్ళు పీకాం.

వంగ, టమాటాలకు మాత్రం మా ఇంటికి అందుబాటులో ఉన్న ఉపాయం ఒకటి ఉంది. ఉస్తి మొక్క వేరు మీద వంగను అంటుకడితే నేలలోంచి వచ్చే బాక్టీరియా ఎండు తెగులు ఆగుతుంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం టమాటాను ఎంపిక చేసిన వంగ వేరు మీద అంటుకట్టమని సలహా ఇస్తుంది. అటువంటి మొక్క నీరు నిలిచినా కొంతకాలం ఓర్చుకుంటుంది, అది లంకకు ఎండు తెగులు నిరోధం కంటే విలువైనది. వేరు ఒక మొక్కది, కాయ ఒక మొక్కది. రెంటి జన్యువులూ దేనివి దానికే ఉంటాయి, ఎవరి అనుమతీ అక్కరలేదు. దోమ మోసే వైరస్‌ను ఇది ఆపదని కూడా అతనికి చెప్పాను. మామిడి, సపోటా అంటుకట్టడంలో కడియం చుట్టుపక్కలవారికి ఉన్న చేతి నేర్పు గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. అక్కడి నర్సరీలో పనిచేసే మా దూరపు బంధువు ఒకాయన, కూరగాయ నారు అంటుకట్టడం తనకు కొత్తేనని, కాడ పెన్సిలు ముల్లంత సన్నగా ఉంటుంది కాబట్టి బ్లేడు పట్టిన చేయి వణకకూడదని నవ్వుతూ చెబుతూనే, నలభై మొక్కలు కట్టి ఇచ్చాడు. అందులో ముప్పై ఒకటి బతికాయి.

వాటిని మా వాడు తోటలో అన్నింటికంటే పల్లంగా ఉన్న మూలలో, ప్రతి వానకూ ముందుగా నీరు నిలిచే చోటునే నాటాడు. మంచి మెరక ఉండగా అక్కడెందుకురా అని అడిగాను. "మెరకలో ఏ మొక్కయినా బతుకుతుందండీ అత్తయ్యా" అన్నాడు.